ఊదితే ఎగిరే పువ్వుకు పాత పేర్లు, కొత్త పేరు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మేం ఇంగ్లండ్‌లో వార్విక్ దగ్గర ఉంటున్నాం. నేనూ ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి శని, ఆదివారాల్లో ఇక్కడి తెలుగు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. ఈసారి "మా వీధిలో మొక్కలు" అని చార్టు చేయిస్తుంటే డాండిలయన్ దగ్గర పని ఆగిపోయింది. పసుపు పువ్వు వాడిపోయి తెల్లటి బంతి అయ్యాక దాన్ని పూర్వం ఈ పల్లెల్లో 'చిమ్నీ స్వీపర్' అనేవారట. షేక్స్‌పియర్ పాటలో ఉన్నది కూడా అదేనట. మా పక్కింటి పెద్దాయన చెప్పారు. మావారేమో అది కట్టుకథ అంటున్నారు. నాకైతే చాలా నచ్చింది. రాయాలా, వద్దా? దీనికి నిజంగా ఉన్న పాత పేర్లు ఏమిటి? తెలుగులో ఏమని రాయాలి? ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తగారు "ఇది మన వైపు లేదమ్మా" అన్నారు. తెలుగు పేరు లేకుండా తెలుగు చార్టు ఏమిటని పిల్లల గోల. కాస్త దారి చూపించండి. (ఒక పాఠకురాలు, వార్విక్‌షైర్)

సమాధానం: ఆ కథను చార్టు మీద పెట్టండి. కాకపోతే అది ఇరవయ్యో శతాబ్దంలో మీ జిల్లాలో ఒకాయన అన్నాడని చెప్పుకునే మాట అని రాయండి. నాలుగు వందల ఏళ్ల నాటి పేరు అని మాత్రం రాయకండి. మీవారి అనుమానం సబబైనదే. అలాగని మీ పక్కింటి పెద్దాయన అబద్ధం చెప్పారనీ కాదు. ఆయన విన్నది విన్నట్టు చెప్పారు.

ముందు ఆ పాట సంగతి. అది 'సింబలిన్' నాటకంలో నాలుగో అంకంలో వస్తుంది. చనిపోయాడనుకున్న ఒక కుర్రాడి దగ్గర నిలబడి ఇద్దరు అన్నదమ్ములు చెప్పే పాట. (నిజానికి ఆ కుర్రాడు మగవేషంలో ఉన్న రాజకుమారి ఇమొజెన్. చనిపోలేదు కూడా.) ఇక ఎండకు భయపడాల్సిన పని లేదు అని మొదలవుతుంది. బంగారంలాంటి అబ్బాయిలైనా అమ్మాయిలైనా, పొగగొట్టాల మసి దులిపేవాళ్ల లాగే, చివరికి మట్టిలో కలవాల్సిందే అన్నది మీ పక్కింటాయన చెప్పిన పాదాల అర్థం. 1611 నాటికే ఈ నాటకం ఆడుతున్నారు, 1623లో అచ్చయింది.

అందులో 'బంగారు అబ్బాయిలు' అంటే డాండిలయన్ పసుపు పూలనీ, 'చిమ్నీ స్వీపర్లు' అంటే గింజ కట్టిన తలలనీ చెప్పే కథ బాగా పాకింది హ్యూ కెన్నర్ అనే విమర్శకుడి వల్ల. ఆయన 1971లో వచ్చిన తన పుస్తకంలో ఒక చిన్న ముచ్చట రాశాడు. వార్విక్‌షైర్ చూడబోయిన ఒకరికి, డాండిలయన్ తలను ఊదుతున్న పల్లెటూరి మనిషి ఒకడు కనిపించాడట. గింజ కట్టాక ఈ బంగారు కుర్రాళ్లను మేం చిమ్నీ స్వీపర్లంటాం అన్నాడట. ఆ మనిషి పేరు అందులో లేదు, ఊరి పేరూ లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని పాట మొత్తానికి కొత్త అర్థం చెప్పేశారు.

నాకు అనుమానం ఎక్కడ వస్తుందంటే, ఇంగ్లండ్ పల్లెల్లో మొక్కల పేర్లు ఏరి పెట్టిన పెద్దలు చాలామంది ఉన్నారు. జేమ్స్ బ్రిటన్, రాబర్ట్ హాలండ్ కలిసి 1878 నుంచి 1886 దాకా అచ్చు వేసిన నిఘంటువు అలాంటిది. ఈ కోవ పుస్తకాల్లో 'చిమ్నీ స్వీపర్' అన్న పేరు దొరుకుతుంది కానీ అది వేరే మొక్కలది. ముఖ్యంగా రిబ్‌వర్ట్ ప్లాంటెయిన్ అనే మొక్కది. మీ ఇంటి దగ్గర గడ్డిలోనే ఉంటుంది, చూడండి. పొడుగాటి కాడ, దాని చివర నల్లగా మసి పట్టినట్టున్న చిన్న కంకి. మసి దులిపేవాడి పేరు ఆ నల్ల తలకు పెట్టారంటే ఎవరికైనా వెంటనే నప్పుతుంది. తెల్లగా, పొడిగా ఉండే డాండిలయన్ తలకు ఆ పేరు నప్పాలంటే రంగును వదిలేసి ఆకారం చూడాలి. అంటే కర్ర చివర నలువైపులా కుచ్చులున్న గుండ్రటి బ్రష్ గుర్తుకు రావాలి. ఆ రకం బ్రష్ షేక్స్‌పియర్ కాలంలో లేదు. చిన్న పిల్లలను పొగగొట్టాల్లోకి ఎక్కించి మసి దులిపించే దారుణాన్ని మాన్పించాలని 19వ శతాబ్దం మొదట్లో జార్జ్ స్మార్ట్ లాంటివాళ్లు కర్రలు అతికించుకుంటూ పోయే పరికరాలు తయారుచేశాక అవి వాడుకలోకి వచ్చాయి.

పాట వరస కూడా చూడండి. తర్వాతి చరణంలోనే రాజదండమూ, చదువూ, వైద్యమూ అన్నీ ఇలాగే మట్టిలో కలుస్తాయని వస్తుంది. రాజు, పండితుడు, వైద్యుడు అంటూ మనుషులను వరసగా చెప్పుకుపోయే పాట అది. వాళ్ల మధ్య మసి దులిపేవాడు మనిషిగానే నిండుగా ఉన్నాడు. సిరిగలవాడికీ మసి మనిషికీ ఒకటే గతి అన్నప్పుడు వచ్చే బరువు, వాణ్ని పువ్వుగా మార్చేస్తే తగ్గుతుందని నా అభిప్రాయం.

ఇంత చెప్పినా ఆ పల్లెటూరి మనిషి మాటను నేను కొట్టిపారేయను. గుండ్రటి బ్రష్ వచ్చాక, దాన్ని చూస్తూ పెరిగిన పిల్లలు గింజ కట్టిన తలకు ఆ పేరు పెట్టి ఉండవచ్చు. పల్లె పేర్లు అలాగే పుడతాయి. అప్పుడది మీ జిల్లా సొంత పేరే అవుతుంది. దాని వయసు మాత్రం నూరో నూట యాభయ్యో ఏళ్లు. ఆ వయసు చాలదా?

ఇప్పుడు అనుమానం లేని పేర్లకు వద్దాం. ఇవి చార్టు నిండా పడతాయి. వీటిని వరస పేర్చి రాయించకండి, పిల్లలకు మొక్కను చూపిస్తూ చెప్పండి. ఎందుకంటే ఒక్కో పేరు ఆ పువ్వు ఒక్కో దశను చూసి పెట్టింది. 'డాండిలయన్' అన్న పేరైతే అసలు పువ్వును చూసింది కాదు. ఫ్రెంచివాళ్ల 'సింహం పన్ను' అన్న మాట అది, ఆకు అంచున ఉండే పళ్లను చూసి పెట్టినది. కాబట్టి ఎవరైనా మీకు తెలుగులో 'సింహదంతం' లాంటి మాట రాసుకోమని సలహా ఇస్తే, అది ఆకు పేరవుతుంది, పిల్లలు ఊదే బంతి పేరు కాదు.

పసుపు పువ్వు కొన్నాళ్లు పొద్దున విచ్చుకుంటూ సాయంత్రం ముడుచుకుంటూ ఉంటుంది. తర్వాత ఒకరోజు ముడుచుకుని ఇక తెరుచుకోదు. లోపల గింజలు తయారవుతుంటాయి. ఆ రోజుల్లో దాని మూతి ముందుకు సాగి, కొసన వాడిన రేకుల కుచ్చు కనబడుతూ ఉంటుంది. ఇంగ్లండ్ పల్లెల్లో దీన్ని 'స్వైన్స్ స్నౌట్' అన్నారు, అంటే పంది మూతి. పిల్లలకు ఒకటి కోసి పక్కనుంచి చూపించండి, ఎందుకన్నారో మీరు చెప్పక్కర్లేదు. ఎవరూ పట్టించుకోని ఆ నాలుగు రోజుల దశకు కూడా ఒక పేరుందంటే, ఎవరో దాని పక్కన కూర్చుని ఎంత ఓపిగ్గా చూశారో కదా అనిపిస్తుంది నాకు.

తర్వాత కాడ ఇంకా పొడుగు సాగుతుంది, గాలి తగిలే ఎత్తుకు. అప్పుడు తల తెరుచుకుని గుండ్రటి తెల్ల బంతి అవుతుంది. ఈ దశకున్న పాత పేరు 'బ్లోబాల్', ఊదే బంతి. దీనికి మంచి సాక్ష్యం ఉంది. షేక్స్‌పియర్ సమకాలికుడు బెన్ జాన్సన్ తన చివరి రోజుల్లో రాసి అసంపూర్తిగా వదిలేసిన 'ద శాడ్ షెపర్డ్' నాటకంలో ఒక అమ్మాయి నడక ఎంత తేలికో చెప్తూ, ఆమె అడుగు పడితే గడ్డిపోచ వంగదు, బ్లోబాల్ కాడ మీద నుంచి కదలదు అంటాడు. ఆయన పోయింది 1637లో. షేక్స్‌పియర్ కాలం పేరు ఒకటి కావాలని మీ మనసులో ఉంటే ఇదిగో, ఇది రాయండి. నిక్షేపంగా రాయవచ్చు.

ఊదేశాక మిగిలేదాన్ని చాలామంది పారేస్తారు. పారేయనివ్వకండి. కాడ చివర తెల్లటి చిన్న గుండు మిగులుతుంది. దాని మీద సన్నటి గుంటలు వరసగా ఉంటాయి, ఒక్కో గుంట ఒక్కో గింజ కూర్చున్న చోటు. కింద ఆకుపచ్చ రేకలు మెడ చుట్టూ కిందికి వాలి ఉంటాయి. దీన్ని చూసి పెట్టిన పేర్లే 'మంక్స్ హెడ్', 'ప్రీస్ట్స్ క్రౌన్'. సన్యాసి తల, మతగురువు నడినెత్తి అన్నమాట. పూర్వం అక్కడి క్రైస్తవ సన్యాసులు నడినెత్తి గొరిగించుకునేవాళ్లు. మీ పిల్లలకు తిరుపతి గుండు అంటే చాలు, ఇట్టే పట్టుకుంటారు. ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు ఇంగ్లండ్‌లోని మఠాలన్నీ మూసేయించాడు, సన్యాసులు వీధుల్లో కనబడటం మానేశారు. పువ్వు మాత్రం ఆ పేరును దాచుకుంది. పోలిష్ భాషలో ఈ మొక్క పేరు 'మ్నిషెక్', దాని వెనక ఉన్నది కూడా సన్యాసి అన్న మాటే.

ఇక గడియారం పేర్లు. అన్నిటికంటే ఎక్కువ ఇవే. ఎన్ని ఊదులకు గింజలన్నీ పోతే అన్ని గంటలయినట్టు అన్నది పిల్లల ఆట. దాన్నుంచే 'డాండిలయన్ క్లాక్' అన్న వాడుక ఇప్పటికీ ఉంది. పల్లెల్లో ఇంకా ముచ్చటగా 'షెపర్డ్స్ క్లాక్', 'ఫెయిరీ క్లాక్', 'స్కూల్‌బాయ్స్ క్లాక్', 'వాట్ ఓ క్లాక్', 'టెల్ టైమ్' అనేవారు. గొర్రెల కాపరిదొకటి, బడిపిల్లాడిదొకటి, వనదేవతదొకటి. చేతికి గడియారం లేనివాళ్లందరికీ తలా ఒకటి దక్కినట్టు పేర్లు పెట్టారు. నాకు ఈ గుంపులో బాగా ఇష్టమైనది 'స్కూల్‌బాయ్స్ క్లాక్'. గట్టిగా ఊది రెండు ఊదులు తగ్గిస్తే ఆట సమయం పొడిగించుకోవచ్చని పిల్లలు అనుకుని ఉండరా?

మొక్కకు 'పిస్-అ-బెడ్' అని ఇంకో పేరుంది. ఆకు తింటే మూత్రం ఎక్కువ వస్తుందని, పక్క తడుపుతారని పెట్టింది. ఫ్రెంచి వాళ్ల 'పిస్సాన్లీ' కూడా అదే అర్థం. పిల్లలు దీన్ని వదలరు, పకపకా నవ్వుతారు. రాయనివ్వండి, నిజమైన పేరే. కాకపోతే అది గింజల తలది కాదు కాబట్టి ఆకు బొమ్మ పక్కన రాయించండి.

మిగతా దేశాల్లో చాలా చోట్ల ఊదడమే పేరయింది. జర్మన్లు గింజల తలను 'పూస్టెబ్లూమె' అంటారు, ఊదే పువ్వు. ఇటాలియన్ 'సోఫ్ఫియోనె'లోనూ, రష్యన్ 'అదువాంచిక్'లోనూ, పోలిష్ 'ద్ముహావియెత్స్'లోనూ ఉన్నది ఊదడమే. ఫ్రాన్స్‌లో లారూస్ నిఘంటువుల గుర్తు చూశారా? ఒక స్త్రీ డాండిలయన్ తలను ఊదుతుంటే గింజలు ఎగిరిపోతుంటాయి. యూజీన్ గ్రాసే 1890లో వేసిన బొమ్మ. మాటలను గాలికి వెదజల్లడం అన్న అర్థంలో పెట్టుకున్నారు.

వీటన్నిటిలో నా మనసు గెలుచుకున్నది పారసీ పేరు. ఎగిరే గింజను ఇరాన్‌లో 'ఖాసెదక్' అంటారు, చిట్టి వార్తాహరుడు అని. హైదరాబాద్ వాళ్లకు ఇందులోని మాట కొత్తేమీ కాదు. ఉర్దూ గజళ్లలో ప్రియుడి ఉత్తరం మోసుకెళ్లే 'ఖాసిద్' ఈయనే. ఇంగ్లిష్‌వాళ్లకు టైమ్ చెప్పిన గింజ ఇరాన్‌వాళ్లకు కబురు తెచ్చింది. మీ చార్టులో ఒక మూల ఇరాన్‌కు కూడా చోటివ్వండి, దయచేసి.

తెలుగు పేరు దగ్గరికి వద్దాం. మీ అత్తగారు చెప్పింది నిజం. ఇది చల్లటి చోట్ల మొక్క. మన దేశంలో హిమాలయాల వైపు ఉంటుంది. కశ్మీరీలు దీని ఆకును 'హంద్' అని కూర వండుకుంటారు. ఒంగోలు ఎండల్లో పెరిగేది కాదు కాబట్టి మన పల్లెలు దీనికి పేరు పెట్టలేదు. కాబట్టి ఎక్కడో దొరికిన మాటనో, మీరే అల్లిన మాటనో 'పాత తెలుగు పేరు' అని రాయవద్దు. షేక్స్‌పియర్ కథకు జరిగింది అదే కదా. ఎవరో ముచ్చటపడి ఒక మాటకు లేని వయసు ఇచ్చారు. రేపు ఇంకో పిల్లాడు మీ చార్టు చూసి అదే నిజమనుకుంటాడు.

లేని పేరును పాతదిగా చూపించకూడదు కానీ, కొత్త పేరు పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. అది మనవాళ్లకు బాగా అలవాటైన పని. గడ్డి చామంతి తెలుసుగా మీకు? గట్ల మీదా రోడ్డు పక్కనా పొడుగు కాడ మీద ఒంటరిగా పూసే చిన్న పువ్వు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన పరాయి మొక్క. అయినా మనవాళ్లు దెబ్బలకు దాని పసరు రాసుకుని 'గాయపాకు' అన్నారు, పలక తుడిచి 'పలకాకు' అన్నారు, కొన్ని చోట్ల 'రావణాసురుడి తలకాయ' అన్నారు. దానికి కూడా గింజ కట్టాక చిన్న కుచ్చుల తల వస్తుంది, గాలికి ఎగురుతుంది. డాండిలయన్‌కు చుట్టమే. ఎక్కడి నుంచో వచ్చిన మొక్కకు ఇన్ని పేర్లు పెట్టినవాళ్ల మనవలు, వార్విక్ వీధిలో రోజూ కాళ్లకు తగిలే పువ్వుకు ఒకటి పెట్టుకుంటే తప్పేముంది?

అయితే ముందు మీ అత్తగారితో పిల్లలను కూర్చోబెట్టండి. డాండిలయన్ ఆవిడకు తెలియకపోవచ్చు, గాల్లో ఎగిరే తెల్లటి గింజ తెలియకుండా ఉండదు. మన వైపు అది జిల్లేడుది. ఎండాకాలంలో జిల్లేడు కాయ పగిలితే లోపల గోధుమరంగు గింజలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్ది ఉంటాయి, ఒక్కోదానికి పట్టులాంటి తెల్ల కుచ్చు. పిల్లలు వాటి వెంట పరిగెత్తేవాళ్లు. కేరళలో ఇలా ఎగిరేవాటిని 'అప్పూప్పన్ తాడి' అంటారు, తాతగారి గడ్డం అని. మీ అత్తగారి ఊళ్లో ఏమనేవారో, పట్టుకుంటే ఏమని వదిలేవారో అడగనివ్వండి. ఆవిడ నోట వచ్చిన మాటే మీ చార్టుకు అసలైన తెలుగు సొమ్ము. దాన్ని జిల్లేడు గింజ బొమ్మ పక్కన, ఆవిడ పేరూ ఊరూ వేసి రాయించండి. తర్వాత పిల్లలంతా కలిసి డాండిలయన్‌కు ఒక పేరు అనుకుంటారు. దాని కింద 'ఈ పేరు మేం పెట్టాం' అని, ఈ ఏడాది తేదీ వేయించండి.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. ఇది మీ వీధిలోని ఇంగ్లిష్ పెద్దవాళ్ల దగ్గర కూడా పనికొస్తుంది, ఎందుకంటే 'చిమ్నీ స్వీపర్' గుట్టు తేల్చగలిగిన చోటులో ఉన్నది మీరే. "దీన్ని చిమ్నీ స్వీపర్ అంటారటగా?" అని అడగకండి. అలా అడిగితే సగం మంది మర్యాద కోసం అవునంటారు, మిగతావాళ్లకు ఆ మాట మీ నుంచే అంటుకుంటుంది. గింజల తలను చేతికిచ్చి "చిన్నప్పుడు మీ ఇంట్లో దీన్ని ఏమనేవారు?" అని ఊరుకోండి. వాళ్లు చెప్పినదీ, వాళ్లు పెరిగిన ఊరూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాసుకోండి. ముఖ్యంగా పక్కింటాయనను ఆ పేరు బడిలో విన్నారా, పెద్దయ్యాక ఎక్కడైనా చదివారా అని మెల్లగా అడగండి. చదివినదైతే ఆ దారి కెన్నర్ దాకా వెళ్తుంది. వాళ్ల నాయనమ్మ అన్నదైతే మాత్రం అది చాలా విలువైన సంగతి, ఆయన చెప్పినట్టే ఇంగ్లిష్‌లో పొల్లుపోకుండా రాసిపెట్టండి.

చార్టుకు అసలు తల అతికించాలని పిల్లలు అంటారు కాబట్టి చిట్కా చెబుతాను. విచ్చుకున్నదాన్ని కోస్తే ఇల్లు చేరేలోపు బోడి అవుతుంది. పంది మూతి దశ చివర్లో, కొసన తెల్ల కుచ్చు తొంగిచూస్తున్నప్పుడు కాడతో సహా కోసి గదిలో ఆరనివ్వండి, లోపలే విచ్చుకుంటుంది. మెల్లగా హెయిర్ స్ప్రే కొడితే నిలుస్తుంది. కాడలో నుంచి కారే పాలు బట్టలకు అంటితే గోధుమరంగు మరక పడుతుంది, పిల్లలకు పాత బట్టలు వేయండి. గడియారం ఆట మాత్రం పొద్దున్నే పెట్టుకోవద్దు. తేమ ఉంటే గింజ కుచ్చులు ముడుచుకుపోతాయి, ఎంత ఊదినా సరిగ్గా ఎగరవు. ఎండ కాసే మధ్యాహ్నం పూట తీసుకెళ్లండి.

ఎందుకలా తేలుతుందని ఎవరైనా అడిగితే, ఒక్కో కుచ్చులో సుమారు 100 సన్నటి వెంట్రుకలుంటాయనీ, వాటి సందుల్లోంచి గాలి దూరి కుచ్చుకు కొంచెం పైన గుండ్రటి సుడిగా నిలుస్తుందనీ, ఆ సుడి వల్లే గింజ నెమ్మదిగా దిగుతుందనీ చెప్పండి. 2018లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్లు కనిపెట్టారు. భూతద్దం ఉంటే ఒక్క గింజను నల్ల కాగితం మీద పెట్టి చూపించండి. గింజ పైభాగాన చిన్న ముళ్లు కూడా కనబడతాయి, మట్టిని పట్టుకోవడానికి.

చార్టు అయ్యాక మీ అత్తగారి మాట ఏమిటో, పక్కింటాయన ఏమన్నారో నాకు రాయండి. పిల్లలు పెట్టిన పేరు కూడా.